మసి కాళ్ళ కేసు

మా బాపు రామ్మోహన్ ముప్పై మూడేళ్ళు పోలీసు నౌకరీ చేసి, ఏఎస్సైగా రిటైరయ్యాడు. అప్పటినుంచీ మా ఇంటికి వచ్చినవాళ్ళెవరూ ఊరికే చాయ్ తాగి పోయింది లేదు. ముందుగది గోడకున్న ఫ్రేము చూపించి, "ముప్పై మూడేండ్లు. నా చేతిల పడ్డ కేసు ఒక్కటి తప్పుబోలే" అని ఆయన చెప్పాలి, వచ్చినవాళ్ళు తలూపాలి, ఆ తర్వాతే అమ్మ చాయ్ తెచ్చేది. ఆ ఫ్రేములో ఉన్నది ఒక కేసు పట్టినందుకు పెద్ద సారు సంతకంతో వచ్చిన మెచ్చుకోలు కాగితం. బాపుకు పెన్షన్ కన్నా ఆ కాగితమే ఎక్కువ. పోయిన ఎండాకాలం దానికే ఎసరొచ్చింది, అదీ నా వల్ల.

నేనూ నా దోస్తు సుమనా వరంగల్‌లో ఒకే కాలేజీలో చదివాం. ఆమెది కొత్తగూడ అడవి పక్క తండా. నేను కోడ్ రాస్తాను, తను బొమ్మలు గీస్తుంది. మార్చిలో ఇద్దరం స్టేషన్ ఘన్‌పూర్‌లోని మా ముందుగదిని ఆక్రమించి, రెండు చేతులతో పట్టుకుని ఆడే గేమ్ డబ్బా కోసం ఒక డిటెక్టివ్ ఆట మొదలుపెట్టాం. మూడు కేసులు. ఆనవాళ్ళు ఏరాలి, మనుషుల్ని అడగాలి, దొరికినవన్నీ తెరమీది నోటుబుక్కులో చేర్చుకోవాలి, చివరికి ఒకరి బొమ్మ మీదికి పోయి 'పట్టుకో' గుండీ నొక్కాలి. సినిమాల్లో మన తెలంగాణ మాటను నవ్వించడానికే వాడుకున్నారు కదా, మా ఆటలో ఇన్‌స్పెక్టరే మన మాట మాట్లాడతాడు! చదువు రానివాళ్ళు కూడా ఆడాలని ప్రతి మాటా గొంతుతో వినిపించేలా పెట్టాం. మే పదిహేను లోపల హైదరాబాద్‌లో పోటీకి పంపాలి. తిండీ తిప్పలూ మరిచిపోయి పనిచేశాం, అంత ఉడుకుగా ఉండేది.

"ముప్పై మూడేండ్లు అసలు దొంగల పట్టినోన్ని. నాకు డబ్బల దొంగల చూపెడుతున్నవా, శ్రేయా?" అని మొదటిరోజు బాపు నవ్వాడు.

"పట్టు చూద్దాం మరి" అని డబ్బా ఆయన చేతిలో పెట్టాను.

మొదటి కేసు రఘునాథపల్లి దగ్గర ఒక బావి మీద మోటర్ స్టార్టర్ పోవడం. బాపు ఎవర్నీ ఏమీ అడగలేదు. ఆరుగురి ముఖాలూ ఒక్కసారి తిప్పి చూసి, మీసాలు పెంచినవాడి మీద 'పట్టుకో' నొక్కాడు. "కాదు, మళ్ళ చూడు" అంది డబ్బా.

"ఏంది, కాదా? వాని ముఖం చూస్తే తెలుస్తలేదా!"

"ముఖం చూసి చెప్పేటట్టయితే ఆట ఎందుకు బాపూ?"

వంటింట్లోంచి అమ్మ నవ్వు వినపడింది. మా అమ్మ సుమిత్ర నవ్విందంటే బాపుకు ఎక్కడో కాలుతుంది. ఆయన లేచి, బీరువాలోంచి పొడుగు పుస్తకం తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు. అంతే, పట్టుకుంది పిచ్చి! బువ్వ ముందు డబ్బా, మంగలి షాపులో డబ్బా, జనగామ బస్సులో డబ్బా. "నిజం చెప్తవా, చెప్పవా?" అని తెరమీది బొమ్మను గద్దిస్తుంటే పక్క సీటు మనిషి లేచి వెనక్కి పోయాడట. నాలుగో రోజు పొద్దున స్టార్టర్ దొంగను పట్టుకుని వాకిట్లోంచి ఇంట్లోకి పరుగెత్తుకొచ్చాడు. అరవై రెండేళ్ళ మనిషి! రిటైరయ్యాక ఆయన ముఖంలో ఆ వెలుగు చూడడం అదే మొదలు. మాకూ ఒళ్ళు పొంగిపోయింది. ఇన్‌స్పెక్టర్ గొంతు ఎవరిదని ఇంక వెతకలేదు, బాపుచేతే చెప్పించాం.

రెండో కేసు కూడా పట్టాక, "మూడోది ఏంది?" అని ఎగబడ్డాడు.

"ఇంకా కథ దొరకలే అంకుల్" అంది సుమన.

బాపు గోడకున్న ఫ్రేము వైపు చూశాడు. "గిది పెట్టుండ్రి. పేర్లు మార్చి పెట్టుండ్రి. దీన్ని మించిన కేసు మీకు దొరకది."

ఇరవై రెండేళ్ళ కిందట, బాపు అడవి వైపు ఒక స్టేషన్‌లో ఉన్నప్పటి కేసు. ఒక పెద్ద రైతు కల్లం పక్క గుడిసెలో మిర్చి బస్తాలు నింపి పెడితే, మార్చి ఆఖరులో ఒక తెల్లవారుజామున గుడిసె మొత్తం కాలిపోయింది. కూలి దగ్గర ఆ రైతుతో కొట్లాడిన తండా పిలగాడు ఒకడు అదే వేళ బాట మీద దొరికాడు. మోకాళ్ళ దాకా మసి, ఒంటినిండా పొగ వాసన. నువ్వే పెట్టావా అంటే నోరు తెరవలేదు. రెండేళ్ళ శిక్ష పడింది.

"అడగాల్సిన తీరుగనే అడిగినం. అయినా కిక్కురుమనలే. గంత మొండోడు" అన్నాడు బాపు.

మా ఆటకు ఒకటే నియమం. కేసు తేల్చడానికి కావలసిన ఆనవాలు ఏదీ దాచకూడదు, లేకపోతే ఆడేవాళ్ళను మోసం చేసినట్టే. అందుకని సుమన ఒక్కొక్కటీ గుచ్చి గుచ్చి అడిగింది. ఆ పిలగాడు ఎట్ల నిలబడ్డాడు? కదలకుండా మెదలకుండా, సూటిగా చూస్తూ. కల్లం దగ్గర ఇంకెవరున్నారు? యాకయ్య అని కావలి ముసలోడు. ఆ రాత్రి ఇంట్లో పండుకున్నానని, పొద్దెక్కాకే వచ్చానని చెప్పాడు. చూడ్డానికి ఎట్లున్నాడు? జలుబుతో కండ్లు వాచి, గొంతు పోయి. ఇరవై రెండేళ్ళ ముచ్చట బాపు నోటినుంచి నిన్న మొన్నటిదిలా రాలింది. ఏ ఒక్కటీ దాచలేదు, దాచవలసిన అవసరం ఆయనకు కనపడలేదు. సుమన అన్నీ గీసింది. పిలగాడికి సోమ్లా అని పేరు పెట్టాం. సోమ్లా బొమ్మ మీద 'పట్టుకో' నొక్కితే, "శభాష్! దొంగ దొరికిండు" అని బాపు గొంతు ఖంగుమంటుంది.

ఏప్రిల్ మొదటి వారంలో ఆటను ఎన్నడూ డబ్బా పట్టనివాళ్ళ చేతిలో పెట్టి చూద్దామని సుమన వాళ్ళ తండాకు బయల్దేరాం. బాపు మాకన్నా ముందే తయారై గేటు దగ్గర నిలబడ్డాడు. తన కేసును జనం ఎట్ల పడతారో కళ్ళారా చూడాలట. నర్సంపేట దాటి అడవిలోకి బస్సు మళ్ళినప్పటినుంచి ఒక తియ్యటి, మత్తు వాసన. ఇప్పపువ్వు రాలే కాలం. తండాలో ప్రతి వాకిట్లో చాపల మీద పువ్వు ఎండుతోంది.

సుమన వాళ్ళ దాది, అంటే నాయనమ్మ, పేరు రామి. డెబ్బై దాటిన మనిషి, చేతుల నిండా గాజులు, ఎవరినీ లెక్కచేయని నోరు. డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, "గీ గుండీ నొక్కితే దొంగ బయటికొస్తడా?" అని అడిగింది. పందిరి కింద ఆడవాళ్ళు పదిమంది చుట్టూ చేరారు. అమ్మో, ఆ మధ్యాహ్నం! ఒకామె స్టార్టర్ దొంగను తిడుతుంది, ఇంకొకామె "వాన్ని అడుగు, వాన్ని అడుగు" అని రామవ్వ భుజం పొడుస్తుంది. బాపుకు నాలుగు రోజులు పట్టిన కేసు రామవ్వ గంటలో తేల్చేసింది. రెండోదానికి అంత కూడా పట్టలేదు. నేనూ సుమనా ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని గెంతాం.

"ఇప్పుడొస్తది చూడవ్వా అసలు కేసు" అని బాపు మంచం ముందుకు జరుపుకున్నాడు.

మూడో కేసులో రామవ్వ ఆనవాళ్ళన్నీ ఏరింది. సోమ్లా కాళ్ళు చూసింది, కావలి ముసలోడి మాటలు రెండుసార్లు విన్నది. సోమ్లాను దాటేసి, నేరుగా కావలి ముసలోడి బొమ్మ మీదికి పోయి 'పట్టుకో' నొక్కింది.

"కాదు, మళ్ళ చూడు" అంది బాపు గొంతు.

మళ్ళీ అక్కడే నొక్కింది. డబ్బా మళ్ళీ కాదంది. రామవ్వకు తిక్క రేగింది. "నీ డబ్బకు ఏం తెల్వది పిల్లా! ఈ పిలగాడు కాదు."

"ఎందుక్కాదు? కాళ్ళు చూసినవా అవ్వా? మోకాళ్ళ దాంక మసి" అన్నాడు బాపు హుషారుగా. ఆయనకు వాదం దొరికిందన్న సంబరం.

"ఏ నెల సారూ?"

"మార్చి ఆఖరు."

"ఏ యాళ్ళ?"

"కోడికూత యాళ్ళ."

"మరింక మసి గాక కాళ్ళకు ఏముంటది?" అని రామవ్వ పకపకా నవ్వి, తన రెండు కాళ్ళూ బాపు ముందు చాపింది. నల్లగా ఉన్నాయి. పక్కామె కూడా నవ్వుతూ చాపింది, ఆ పక్కామె కూడా. పందిరి కింద ఎవరి కాళ్ళు చూసినా అదే మసి.

"పువ్వు రాలకముందు చెట్టు కింద ఆకంత కాలుస్తం. కాల్వకుంటే ఆకులల్ల పువ్వు కనవడదు. చీకటి ఉండంగనే పోయి గా బూడిదలనే కూసోని ఏరుకుంటం. పొగ వాసన ఒంటికి రాదా మరి?"

"మరి గా ముక్క చెప్పొచ్చు గద వాడు?" అన్నాడు బాపు. గొంతులో హుషారు తగ్గింది. "నోరెందుకు తెరవలే?"

"ఎట్ల తెరుస్తడు సారూ? అడివిల అగ్గి పెట్టినం అంటే జంగ్లాతోళ్ళు, గా ఫారెస్టు ఆఫీసోళ్ళు, ఊకుంటరా? వాని ఒక్కని మీదనే రాస్తరా, తండా మొత్తం మీద రాస్తరు. పిలగాడు మంచోడు, గందుకే నోరు మూసుకున్నడు." రామవ్వ మళ్ళీ డబ్బా వైపు తిరిగింది. "ఇంకో ముచ్చట. పిడికెడు మిరపకాయలు పొయ్యిల పడ్తేనే వాడకట్టంత దగ్గుతది. గన్ని బస్తాలు కాలినకాడికెళ్ళి వచ్చినోడు కదలకుండ మెదలకుండ నిలబడ్తడా? కండ్లు వాసి, గొంతు పోయింది ఎవలకు? ముసలోనికి. పొద్దెక్కినంక వచ్చిన అన్నడు, మరి గది యాడికెళ్ళి వచ్చింది? ఆడనే పండుకున్నడు, చుట్ట తాగి పారేసిండు. నొక్కు పిల్లా, మళ్ళ నొక్కు!"

అందరూ చప్పట్లు కొట్టారు. సుమన నోరు తెరుచుకుని నా వైపు చూసింది. మా ఆటలో మాకే తెలియని జవాబు ఉంది, ఒక అవ్వ దాన్ని పావుగంటలో లాగి బయటపడేసింది! ఇంతకన్నా ఏం కావాలి ఆట చేసినవాళ్ళకు? ఆ సంబరంలో బాపు లేచి పోవడం కూడా నేను చూడలేదు.

చాలాసేపటికి వెతుక్కుంటూ పోతే తండా వెనక ఇప్పచెట్టు కింద ఉన్నాడు. చెప్పులు చేతిలో ఉన్నాయి. కాల్చిన నేల మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచి, ఒక బండ మీద కూర్చుని అరికాలు తిప్పి చూసుకున్నాడు. మళ్ళీ లేచి ఇంకోసారి నడిచాడు.

"వాని పేరు దేవ్యా" అన్నాడు నన్ను చూసి. అంతే.

మర్నాడు పొద్దున లేచేసరికి గోడ మీద ఫ్రేము లేదు. అది ఉన్నచోట సున్నం తెల్లగా మెరుస్తోంది. అమ్మ నెత్తి పట్టుకుంది.

"గప్పటి ముచ్చట అది. ఎవలన్న అడిగిండ్రా నిన్ను? వాళ్ళకు వీళ్ళకు చెప్పుకోని నవ్వులపాలైతవా?"

"సుమిత్రా, వానివి రెండేండ్లు పోయినయ్. నాది పరువు పోతే పోనీ." బాపు కళ్ళ నిండా నీళ్ళు. "ముఖం చూసి పట్టిన నేను. ముఖమే చూసిన. కాళ్ళు చూసి గూడ ముఖమే చూసిన."

అమ్మ ఆ తెల్లచోటు మీదికి క్యాలెండర్ తెచ్చి తగిలిస్తే, బాపు అదీ తీసేశాడు.

ఇక మా ఇంట్లో అసలు కేసు మొదలైంది, దేవ్యా ఎక్కడున్నాడు? బాపు పాత కానిస్టేబుళ్ళందరికీ ఫోన్లు చేశాడు. సుమన తన చుట్టాలను, చుట్టాల చుట్టాలను కదిపింది. జైలు నుంచి వచ్చాక తండాలో ఉండలేక పోయాడని ఒకరు, పెద్దపల్లి దిక్కు అని ఒకరు. బాపు పొడుగు పుస్తకంలో అన్నీ రాసుకున్నాడు, ఈసారి ఒక్కటీ తొందరపడి కొట్టేయలేదు. నేను రాత్రీ పగలూ కూర్చుని, ఆనవాళ్ళను సరిగ్గా జతచేస్తే సోమ్లా తప్పులేదని తేలేటట్టు మూడో కేసును తిరగరాశాను. సుమన కాల్చిన నేలను, దాని మీద తెల్లటి పువ్వును గీసింది. 'శభాష్' తీసేసి బాపు కొత్త మాటలు చెప్పాడు. ముందుగది తలుపు వేసుకుని ఒక్కడే చెప్పాడు. మే పదమూడున సుమన ఫోన్ పట్టుకుని ఎగురుకుంటూ వచ్చింది. "దొరికిండు! భూపాలపల్లి బస్టాండ్ రోడ్ల చాయ్ బండి!"

పోటీకి ఇంకా రెండు రోజులుంది. మర్నాడే ముగ్గురం పోయాం, నా సంచిలో డబ్బా, ల్యాప్‌టాప్.

నెత్తి నెరిసిన సన్నటి మనిషి చాయ్ వడపోస్తున్నాడు. బాపు రోడ్డుకు అవతల ఉండగానే ఆయన చూశాడు. ఇరవై రెండేళ్ళయినా రెప్పపాటులో గుర్తుపట్టాడు. పొయ్యి ఆర్పేశాడు, మేకుకున్న అంగీ తీసి తొడుక్కున్నాడు, బెంచీల మీది గిరాకీలకు "జర ఆగుండ్రి" అని చెప్పి రోడ్డు మీదికి వచ్చాడు.

"పాండి సారు" అన్నాడు.

"యాడికి?"

"ఠాణకు. గందుకే గద వచ్చిన్రు?"

ఎందుకని కూడా అడగలేదు. "లేదు దేవ్యా... లేదన్నా" అని మాత్రం అనగలిగాడు బాపు. అన్నా అని పిలవగానే దేవ్యా ఒక్కడుగు వెనక్కి వేశాడు. బాపు నా వైపు చూశాడు. నేను డబ్బా తీసి దేవ్యాకు ఇచ్చి, ఏ గుండీ దేనికో చూపించాను.

నిలబడే ఆడాడు. కాలిన గుడిసె వచ్చింది, బాట వచ్చింది, బాట మీద పిలగాడు వచ్చాడు. దేవ్యా వేళ్ళు ఆగిపోయాయి. ఆ తర్వాత కదిలితే, అబ్బ, ఏం వేగం! మసి కాళ్ళను తీసుకుపోయి ఇప్పచెట్టు కింద నేలతో జతచేశాడు. డబ్బాలోంచి బాపు గొంతు వచ్చింది.

"సోమ్లా ఏ తప్పు చెయ్యలే. పువ్వు ఏరుకోను పోయిండు. చూడాల్సింది నేను చూడలే. తప్పు నాది. ఏఎస్సై రామ్మోహన్."

దేవ్యా బాపు వైపు చూడలేదు. మళ్ళీ నొక్కి మళ్ళీ విన్నాడు. తర్వాత బెంచీల వైపు తిరిగి, "ఓ ఉప్పలన్నా! ఇటు రండ్రి అందరు. సారు ఏమంటున్నడో ఇనుండ్రి" అని కేకేశాడు. గ్లాసులు పట్టుకునే లేచి వచ్చారు. మూడోసారి నొక్కాడు. తన గొంతు తన తప్పు చెబుతుంటే బాపు నడి రోడ్డు ఎండలో చేతులు జోడించి నిలబడ్డాడు. నాకు ఏడుపూ సంతోషమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"సోమ్లా ఎవలు?" అని అడిగాడు దేవ్యా నన్ను.

"పేరు మార్చి పెట్టినమన్నా. నీ పేరు పెడితే అందరికి తెలుస్తదని..."

"తెల్వాలె. జైలుకు తోలినప్పుడు పేపర్ల నా పేరు ఏసిన్రు బిడ్డా. తప్పులేదన్నప్పుడు గూడ నా పేరే ఉండాలె. తండా పేరు గూడ."

పోటీకి గడువు రేపటితో సరి. ఇంటికి పోయి గొంతు ఎక్కించే టైము ఎక్కడిది? బెంచీ మీద ల్యాప్‌టాప్ తెరిచాను, సుమన ఫోన్ పట్టుకుంది. దేవ్యా పేరు, తండా పేరు చేర్చి మొదటిసారి చెబుతూ బాపు సగంలో ఆగిపోయాడు. రెండోసారి గొంతు మరీ మెల్లగా వచ్చింది. దేవ్యా అప్పటికి పొయ్యి వెలిగించి మళ్ళీ చాయ్ పెట్టాడు. బాపు చేతికి ఒక గ్లాసు ఇచ్చి, "జర గట్టిగ సారు. ఎనక బల్లోళ్ళకు ఇనవడాలె" అన్నాడు.

మూడోసారి బాపు గట్టిగా చెప్పాడు.

జూన్‌లో పోటీవాళ్ళ నుంచి మెయిల్ వచ్చింది. మా ఆట ఆఖరి పదింటిలో ఉందట! ఒక్క సవరణ మాత్రం అడిగారు. మూడో కేసు చివర గొంతు వెనక గ్లాసుల చప్పుడు, బస్సు హారన్, ఎవరో 'జర గట్టిగ సారు' అనడం వినిపిస్తున్నాయి, శుభ్రం చేసి పంపమన్నారు.

సుమనా నేనూ ఒక్క మాటే రాసి పంపాం. తియ్యం.